‘ఆసక్తికరంగా ఆమె మాట్లాడలేదు’: క్రియావిశేషణం ఎక్కడ ఉండాలి?

సందేహం: ఆర్యా, నేను ఒక వెబ్ పత్రికకు ఇంగ్లీషు వార్తలు తెలుగు చేస్తుంటాను. ఇంగ్లీషు వ్యాకరణంలో యాడ్‌వర్బియల్స్‌కు, అంటే క్రియావిశేషణాలకు, వాక్యం మొదట, మధ్యలో, చివర అని మూడు చోట్లు చెబుతారు. ఏ రకం ఎక్కడ రావాలో నియమాలు కూడా ఉన్నాయి. తెలుగులో పదాల వరస ఎలా మార్చినా ఫర్వాలేదని మేం చదువుకున్నాం. కానీ నేను రాసిన రెండు వాక్యాలను మా డెస్కులో తప్పుపట్టారు. ఒకటి ‘ఆసక్తికరంగా ఆమె సభలో మాట్లాడలేదు’. రెండోది ‘నిన్న అరెస్టయిన నిందితుణ్ణి కోర్టులో హాజరుపరిచారు’. క్రియావిశేషణానికి తెలుగులో నియమమైన చోటు ఉందా? ఇంగ్లీషు నియమాలు మనకు పనికొస్తాయా?

సమాధానం: మీ డెస్కువారు పట్టుకున్నవి రెండూ అసలైన తప్పులే. రెంటికీ మూలం కూడా ఒకటే.

వరస ఎలా మార్చినా ఫర్వాలేదన్న మాట విభక్తి ఉన్న నామాలకు చెల్లుతుంది. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా చచ్చింది రావణుడే. ఆ ‘ని’ ప్రత్యయం కర్మను పట్టి ఉంచుతుంది. ‘నిన్న’, ‘గట్టిగా’, ‘ఆసక్తికరంగా’ వంటి మాటలకు అలాంటి కట్టు లేదు. ఇవి వాక్యంలోని ఏ క్రియకు చెందినవో చెప్పే గుర్తు వాటి మీద ఉండదు. అందువల్ల చదివేవాడు కుడివైపు మొదట ఎదురైన క్రియకే వాటిని అంటగడతాడు. ఆ క్రియ మీరు అనుకున్నది కాకపోతే అర్థం దారి తప్పుతుంది.

మొదటి వాక్యం చూద్దాం. ‘-గా’ అన్నది ‘అవు’ ధాతువు తుమున్నర్థక రూపమైన (‘అయ్యేటట్టు’, ‘అవడానికి’ అనే అర్థమిచ్చే) ‘కాన్’ నుంచి వచ్చింది. అది ‘గాన్’ అయి, చివరి నకారం పోయి ‘గా’గా మిగిలింది. అంటే ‘ఆసక్తికరంగా’ అన్నప్పుడు ‘ఆసక్తికరం అయ్యేటట్టు’ అంటున్నామన్నమాట. ‘అయ్యేటట్టు’ అన్నాక ‘ఏం చేసింది?’ అన్న ప్రశ్న వస్తుంది, జవాబుగా క్రియ కావాలి. మీ వాక్యంలో ఉన్న ఒకే ఒక క్రియ ‘మాట్లాడలేదు’. కాబట్టి పాఠకుడికి అందేది ‘ఆమె మాట్లాడిన తీరు ఆసక్తికరంగా లేదు’ అని. ఆమె అసలు నోరే విప్పలేదన్నది మీ వార్త. రెండూ పూర్తిగా వేరు.

ఇంగ్లీషులో ఈ చిక్కు ఎందుకు రాదు? క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి 1985లో వెలువరించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం యాడ్‌వర్బియల్స్‌ను నాలుగుగా విడదీస్తుంది. పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో చెప్పేవి అడ్‌జంక్టులు. ఏదో ఒక మాట బలాన్ని పెంచేవో తగ్గించేవో, లేదా దాని మీదికి దృష్టి మళ్లించేవో సబ్‌జంక్టులు. మొత్తం వాక్యం మీద రాసేవాడి అభిప్రాయం చెప్పేవి డిస్‌జంక్టులు. ముందు వాక్యంతో ముడివేసేవి కంజంక్టులు. ‘ఇంటరెస్టింగ్‌లీ, షీ డిడ్ నాట్ స్పీక్’ అన్నప్పుడు మొదటి మాట డిస్‌జంక్టు. ‘షీ డిడ్ నాట్ స్పీక్ ఇంటరెస్టింగ్‌లీ’ అంటే అదే మాట అడ్‌జంక్టు. మాట మారలేదు; చోటూ కామా మారాయి, అర్థం మారింది. ఇంగ్లీషు చోటుతో చేసే ఈ పనిని తెలుగు చాలావరకు వేరే నిర్మాణంతో చేస్తుంది. ‘-గా’ తీసుకెళ్లి మొదట నిలబెట్టి కామా పెట్టినంత మాత్రాన అది వాక్యం మీద వ్యాఖ్య అయిపోదు.

మరి మన నిర్మాణం ఏది? ‘విశేషమేమిటంటే, ఆమె సభలో మాట్లాడనే లేదు’ అనండి. లేదా ‘ఆమె సభలో మాట్లాడకపోవడం ఆసక్తి కలిగించింది’ అనండి. ‘సర్‌ప్రైజింగ్‌లీ’కి ‘ఆశ్చర్యకరంగా’ అని రాయబోయేటప్పుడు ఆగి, ‘అతడు గెలవడం అందరినీ ఆశ్చర్యపరిచింది’ అనడం మేలు. అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది: ‘-గా’ తీసేసి ఆ మాటను వాక్యం చివర ‘అన్నది ఆసక్తికరం’ అని పెట్టి చూడండి. అర్థం చెడకుండా నిలిచిందంటే మీరు చెప్పదలచుకున్నది వాక్యం మీది వ్యాఖ్య. దాన్ని ‘-గా’తో రాయకండి.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. ‘సాధారణంగా’, ‘ముఖ్యంగా’, ‘నిజంగా’ వంటివి వాడుకలో అరిగి వాక్యం మొత్తానికీ పనిచేస్తున్నాయి. ‘నిజంగా’ అర్థం చోటును బట్టి కొంచెం జారుతుంది కనుక ‘నిజానికి’, ‘వాస్తవానికి’ అంటే ఇబ్బంది లేదు. ‘అదృష్టవశాత్తు’, ‘దురదృష్టవశాత్తు’ అన్నవి ‘వశాత్’ అనే సంస్కృత పంచమీ రూపం మోసుకొచ్చినవి, ‘-గా’ లేదు కాబట్టి రీతి అనే భ్రమ కలిగించవు. అయితే ప్రతి ‘అన్‌ఫార్చునేట్‌లీ’కీ ‘దురదృష్టవశాత్తు’ అక్కర్లేదు. ప్రమాద వార్త కాకపోతే, మాట్లాడే భాష అయితే, ‘పాపం’ అన్న చిన్న మాట చాలు.

నిషేధ వాక్యంలో ఈ తప్పు మరింత పెద్దదవుతుంది. రీతిని చెప్పే మాట క్రియకు ముందుంటే ‘లేదు’ ఆ రీతి మీదే పడుతుంది. ‘వాడు త్వరగా రాలేదు’ అంటే వచ్చాడు, ఆలస్యంగా. ‘పుస్తకం పూర్తిగా చదవలేదు’ అంటే కొంత చదివాడు. ‘బస్సులో రాలేదు’ అంటే రైల్లోనో, బండి మీదో వచ్చాడు. మీ మొదటి వాక్యం సరిగ్గా ఈ గుంటలోనే పడింది. ‘అసలు’, ‘ఎన్నడూ’, ‘బొత్తిగా’ లాంటివి నిషేధాన్ని గట్టిపరిచేవి కనుక వాటికి ఈ బెడద లేదు.

ఇక రెండో వాక్యం. ‘నిన్న అరెస్టయిన నిందితుణ్ణి కోర్టులో హాజరుపరిచారు’. కుడివైపు ‘నిన్న’కు మొదట తగిలేది ‘అరెస్టయిన’. అరెస్టు నిన్న జరిగిందనే అర్థం స్థిరపడుతుంది. కోర్టుకు తెచ్చింది నిన్న అయితే ‘అరెస్టయిన నిందితుణ్ణి నిన్న కోర్టులో హాజరుపరిచారు’ అనాలి. తేదీతో వార్త మొదలుపెట్టే అలవాటు, ఆ వెంటనే ‘-ఇన’తో పొడుగాటి విశేషణ వాక్యం పేర్చే అలవాటు, రెండూ కలిసినచోట ఇది పదేపదే జరుగుతుంది. ‘ఆదివారం రోడ్డు ప్రమాదంలో గాయపడిన యువకుడు ఆసుపత్రిలో మరణించాడు’ అన్న వాక్యంలో చనిపోయింది ఏ రోజు? వాక్యం చెప్పదు. ‘రోడ్డు ప్రమాదంలో గాయపడిన యువకుడు ఆదివారం ఆసుపత్రిలో మరణించాడు’ అంటే తేలిపోతుంది. ప్రమాదం జరిగిన రోజు కూడా కావాలంటే రెంటికీ వేర్వేరుగా రోజులు రాయాలి, ఒకే ‘ఆదివారం’తో రెండు పనులు చేయించలేం. ‘ఆదివారం’ తర్వాత కామా పెడితే అచ్చులో కొంత దారి చూపిస్తుంది. టీవీలో చదివేవారి గొంతులో ఆ కామా వినిపిస్తుందన్న నమ్మకం లేదు.

క్త్వార్థకాలతో, అంటే ‘తట్టి’, ‘వచ్చి’ లాగా ముందు జరిగిన పనిని చెప్పే రూపాలతో కూడా ఇదే. ‘గట్టిగా తలుపు తట్టి పిలిచాడు’ అంటే గట్టిగా ఉన్నది తట్టడం. ‘తలుపు తట్టి గట్టిగా పిలిచాడు’ అంటే గట్టిగా ఉన్నది పిలుపు. ఇంగ్లీషుకూ ఇలాంటి గండం ఉంది. ‘పీపుల్ హూ వాక్ ఆఫెన్ స్లీప్ వెల్’ అన్నప్పుడు ‘ఆఫెన్’ నడకదా, నిద్రదా? అక్కడ మాట రెండు క్రియల మధ్య ఇరుక్కుని ఎటు తిరగాలో తేలదు. తెలుగులో మాట ఎటు తిరుగుతుందో ముందే తెలుసు, కుడికే. మాటల్లో ‘వచ్చాడు నిన్న’ అని క్రియ తర్వాత తగిలిస్తాం కానీ, అది గుర్తొచ్చి చేర్చే ముక్క. వార్తారచనలో దానికి చోటు లేదు.

ఒకే క్రియ ఉన్న చిన్న వాక్యంలో మాత్రం మీకు స్వేచ్ఛ ఉంది, అక్కడ మారేది ఊనిక, అంటే ఏ మాట మీద బలం పడుతుందన్నది. ‘శ్రద్ధగా పని చేశాడు’ అన్నది మామూలు వరస. ‘పని చేయు’, ‘అన్నం తిను’, ‘మాట ఇచ్చు’ వంటివి జంటగా ఒకే క్రియలా నడుస్తాయి, క్రియావిశేషణం ఆ జంటకు ముందు నిలుస్తుంది. ‘పని శ్రద్ధగా చేశాడు’ అన్నారంటే ఆ పని ఏదో వినేవాడికి ముందే తెలుసు, కొత్త సంగతి శ్రద్ధ. క్రియకు ఆనుకుని ఎడమవైపున్న చోటు ఊనికకు ఆయువుపట్టు.

మూడు నాలుగు క్రియావిశేషణాలు వరసగా వస్తే తెలుగు కాలం, స్థలం, రీతి అని నడుస్తుంది: ‘నిన్న సభలో గట్టిగా మాట్లాడాడు’. ఇంగ్లీషు దీనికి సరిగ్గా తలకిందులు: ‘హీ స్పోక్ లౌడ్‌లీ ఇన్ ద మీటింగ్ ఎస్టర్‌డే’. క్రియ వాళ్లకు ముందుంటుంది, మనకు చివర ఉంటుంది. అందువల్ల పైకి విరుద్ధంగా కనిపించినా రెండు భాషల్లోనూ క్రియకు దగ్గరగా రీతి, తర్వాత స్థలం, దూరంగా కాలం ఉంటాయి. తేదీలూ ఊళ్లూ చెప్పడంలోనూ మనది పెద్దదాని నుంచి చిన్నదానికి దిగే వరస. ‘1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు’ అన్నది తెలుగు. ఇంగ్లీషులో ‘ఎట్ కర్నూల్’ ముందు వచ్చి, ఆ తర్వాత తేదీ, నెల, సంవత్సరం వస్తాయి. అనువాదంలో ఆ వరసను అలాగే దించితే ‘నెహ్రూ ప్రారంభించారు ఆంధ్ర రాష్ట్రాన్ని కర్నూలులో’ అన్నట్టు తయారవుతుంది.

దృష్టి మళ్లించే సబ్‌జంక్టుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ తప్పులు రెండు వైపులా జరుగుతాయి. ఇంగ్లీషులో ‘ఓన్లీ’, ‘ఆల్సో’ ఎక్కువగా క్రియకు ముందు కూర్చుంటాయి. అవి ఏ మాటకు వర్తిస్తాయో పలికేటప్పుడు నొక్కే మాటే చెప్పాలి. ‘హీ ఆల్సో రైట్స్ పోయెమ్స్’ అన్నది తెలుగు చేసేటప్పుడు మీరు తేల్చుకోక తప్పదు. ‘అతడు కూడా కవితలు రాస్తాడు’ అంటే ఇతరులూ రాస్తారు. ‘అతడు కవితలు కూడా రాస్తాడు’ అంటే కథలూ రాస్తాడు. ‘కవితలు రాస్తాడు కూడా’ అంటే చదవడంతో ఆగడు. ‘కూడా’, ‘మాత్రమే’, ‘-ఏ’ మూడూ తాము చెందిన మాటకు వెనకే అంటుకోవాలి. మూల వాక్యంలో ‘ఆల్సో’ మధ్యలో ఉందని ‘కూడా’ను కూడా మధ్యలో పడేస్తే వార్త మారిపోతుంది. ‘కేవలం పది మంది మాత్రమే’ అన్న జోడింపు పునరుక్తి, ‘పది మందే’ చాలు. ఎదురు దిక్కులో, మనవాళ్ల ఇంగ్లీషులో తరచూ వినిపించే ‘హీ ఈజ్ కమింగ్ టుడే ఓన్లీ’లో ఆ ‘ఓన్లీ’ ‘ఈరోజే’లోని ‘-ఏ’కు అచ్చు నకలు. అలాగే ‘షీ స్పీక్స్ ఫ్లూయెంట్‌లీ ఇంగ్లీష్’ అనడం కూడా మన వరసే. ఇంగ్లీషు క్రియకూ కర్మకూ మధ్య ఇలాంటి మాటను దూరనివ్వదు. ‘ఇంగ్లీష్’ తర్వాతే ‘ఫ్లూయెంట్‌లీ’ రావాలి.

‘-గా’ కనిపించిన ప్రతిచోటా క్రియావిశేషణం ఉందనుకోవడం మరో పొరపాటు. ‘ఆమె అందంగా ఉంది’, ‘కూర ఉప్పగా ఉంది’ అన్నవాటిలో ‘-గా’ మాట ‘ఉండు’తో కలిసి విధేయం (కర్త గురించి చెప్పే భాగం) అవుతుంది. ఇంగ్లీషులో దానికి సాటి విశేషణం: ‘షీ ఈజ్ బ్యూటిఫుల్’. ‘లుక్’, ‘టేస్ట్’, ‘స్మెల్’ వంటి క్రియల తర్వాత కూడా ‘-లీ’ లేని రూపమే వాడాలి.

కంజంక్టులను తేలిగ్గా దాటొచ్చు. ‘అయితే’, ‘పైగా’, ‘కాబట్టి’, ‘అయినా’ తెలుగులో వాక్యం మొదటే ఉంటాయి. ఇంగ్లీషులో ‘హౌఎవర్’ రెండు కామాల నడుమ మధ్యలో కూర్చోవడం చూసి ‘మంత్రి, అయితే, దీనిపై స్పందించలేదు’ అని రాసేవారున్నారు. తెలుగు చెవి దాన్ని ఒప్పుకోదు. ‘అయితే మంత్రి దీనిపై స్పందించలేదు’ అంటే సరి. అదే వాక్యంలో షరతు చెప్పే ‘అయితే’ కూడా వస్తుంటే, మొదటిదాన్ని ‘కానీ’ చేసేయండి.