క్రైస్తవులు సినిమాలు, సోషల్ మీడియా పూర్తిగా మానేయాలా?

అక్కర్లేదు, వాటిని వాడటమే పాపమని బైబిల్ ఎక్కడా చెప్పలేదు. క్రైస్తవ విమర్శంతా అవి మనలో ఎలాంటి కోరికల్ని పెంచుతున్నాయి, దేవుడి స్థానంలో దేన్ని కూర్చోబెడుతున్నాయి అన్నదాని మీదే. మనిషి దేవుని స్వరూపంలో సృష్టించబడ్డాడు కాబట్టే అతనికి విలువ ఉందని క్రైస్తవం అంటుంది. లైకులు, ప్రకటనలు మాత్రం ఆ విలువ అందంలోనో, కొనే వస్తువులోనో, పదిమంది మెప్పులోనో ఉందని రోజంతా నూరిపోస్తుంటాయి. అసలు గొడవ ఇక్కడే, ఇది చిన్న విషయం కాదు.

యేసు బోధను ఊరూరా చాటిన పౌలునే చూడండి. ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి తట్టుకోలేకపోయాడు, అయినా ఆ ఊరి సంస్కృతికి మొహం తిప్పుకోలేదు, పెద్దల సభ జరిగే అరేయొపగులో నిలబడి గ్రీకు కవుల మాటల్నే ఎత్తి చెప్పి అక్కడి నుంచే సృష్టికర్త గురించి వివరించాడు, విగ్రహారాధనను మాత్రం ఒప్పుకోలేదు (అపొస్తలుల కార్యములు 17).

"లోకాన్ని ప్రేమించకండి" అనే 1 యోహాను 2:15 చూపించి చాలామంది టీవీ, ఫోన్ అన్నీ నిషేధమే అంటారు. ఆ తర్వాతి వచనం కూడా చదవాలి కదా! అందులో ఉన్నవి శరీరాశ, నేత్రాశ, జీవపు డంబం (బతుకు గొప్పలు చూపుకోవడం), అన్నీ మనిషి లోపలివే.

ఇక చర్చి టెక్నాలజీకే శత్రువు అనే మాటా నిజం కాదు. క్యాథలిక్ చర్చి నడిపే వాటికన్ రేడియోను 1931లో నిర్మించింది రేడియో ఆవిష్కర్తల్లో ఒకడైన మార్కోనీయే. 1963లో క్యాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ మీడియాను అద్భుతమైన ఆవిష్కరణల్లో చేర్చి మెచ్చుకుంటూనే, ఏది చూడాలో ఎంచుకునే బాధ్యత ప్రేక్షకులకూ ఉందని, తయారుచేసేవాళ్లకు మరీ ఎక్కువని చెప్పింది.