రిజిస్టరుకెక్కని పల్లె: ఆశా కార్యకర్తలతో పనిచేసిన అనుభవం నుంచి ఒక సమాధానం

“ఊరికొక ఆశా కార్యకర్తను, అంటే ఆ ఊరి ఆరోగ్యం చూసే స్థానిక మహిళను, నియమించి సుమారు ఇరవై ఏళ్లయింది, అయినా ఏజెన్సీలో గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న వార్తలు ఆగలేదు, ఈ వ్యవస్థ వల్ల వైద్యంలో అసమానత తగ్గిందని ఎలా చెప్పగలం?” అని మీరు అడిగారు. తగ్గిందనే నేను చెబుతాను, అయితే అన్నిచోట్లా కాదు. ఎక్కడ తగ్గిందో, ఎక్కడ తగ్గలేదో తేల్చేవి నా అనుభవంలో రెండే విషయాలు: ఆ కార్యకర్త ఏ పల్లె మనిషి అన్నది ఒకటి, ఆమె చెప్పిన మాటకు పైవాళ్లు ఎంత విలువ ఇస్తారన్నది రెండోది.

నేను ఉమ్మడి విశాఖ జిల్లా ఏజెన్సీలో, అంటే 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాగా మారిన ప్రాంతంలో, మొదట ఏఎన్‌ఎం (పల్లెల్లో తిరిగి పనిచేసే నర్సు)గానూ తర్వాత ఆరోగ్య పర్యవేక్షకురాలిగానూ ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. ఏ మండలమో, ఏ ఆసుపత్రో రాయను. అక్కడివాళ్లు కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు.

ఆశా వ్యవస్థ రాకముందు పరిస్థితి తెలియకపోతే తర్వాత వచ్చిన మార్పు అంతుపట్టదు. మైదానంలో 5,000 జనాభాకు, కొండ ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, అంటే ఏఎన్‌ఎం పనిచేసే చిన్న ఆరోగ్య కేంద్రం, ఉండాలన్నది లెక్క, కాబట్టి కాగితం మీద చూస్తే ఏజెన్సీకే ఎక్కువ మేలు జరిగినట్లుంటుంది. కాని మైదానంలో ఆ 5,000 మంది రెండు మూడు ఊళ్లలో కుదురుగా ఉంటే, నాకు అప్పగించిన 3,000 మంది ముప్పైకి పైగా పల్లెల్లో, కొన్నిచోట్ల ఎనిమిది పది గడపలుగా, గెడ్డలకు (కొండవాగులకు) అటూ ఇటూ చెదిరి ఉండేవారు. జ్వరం వచ్చినవాళ్ల వేలి నుంచి రక్తం తీసి, గాజు పలక మీద పూసి, ఆ స్లైడ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపితే ఫలితం నా చేతికి వచ్చేసరికి వారం దాటేది. దాన్ని పట్టుకుని మళ్లీ కొండెక్కేసరికి ఆ మనిషి కోలుకుని పోడు పనిలో ఉండేవాడు, లేదా ఫాల్సిపారం మలేరియా మెదడుకు సోకి చనిపోయి ఉండేవాడు. నేను చేయగలిగింది రిజిస్టరులో రాసుకోవడమే అయిన రోజులు చాలా ఉన్నాయి.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు 1,000 జనాభాకు ఒక ఆశా అని నిర్ణయించి, కొండ, గిరిజన ప్రాంతాల్లో ఆ లెక్కను సడలించి ఒక్కో ఆవాసానికి ఒకరిని తీసుకోవచ్చునని మార్గదర్శకాల్లోనే రాశారు. ఎనిమిదో తరగతి చదువు ఉండాలని, తగినవారు దొరక్కపోతే ఆ నిబంధనను కూడా సడలించవచ్చునని రాశారు. ఆచరణలో మాత్రం ఈ రెండు వెసులుబాట్లనూ అందరం మరిచిపోయాం. అందరం అన్నానంటే నన్ను కూడా కలుపుకునే అన్నాను. ఎనిమిదో తరగతి చదివిన కోడళ్లు దారి పక్కనున్న పెద్ద పల్లెలోనే దొరుకుతారు, మాకు సులువు, కాబట్టి ఆమెనే ఎంపిక చేసి, పైనున్న నాలుగు చిన్న పల్లెలను ఆమె ఖాతాలో వేశాం.

గిరిజనులందరూ ఒకటే అనుకునే మైదానం మనిషికి ఇందులో తప్పు కనిపించదు. కాని దారి పక్క పల్లెలో తెలుగు, ఆదివాసీ ఒడియా మాట్లాడే కుటుంబాలు ఉంటే, గెడ్డ దాటి రెండు గంటలు ఎక్కితే వచ్చే పల్లెలో కువి భాష మాట్లాడే కోదు తెగ కుటుంబాలు ఉండేవి. కింది పల్లె ఆశా మంచి మనిషే, పని దొంగ కాదు. అయితే ఆమెకు ఆ భాష రాదు, ఆ పల్లెతో చుట్టరికం లేదు, అక్కడ ఏ ఇంట్లో ఎవరికి నెల తప్పిందో చెవిన వేసేవాళ్లు ఎవరూ లేరు. దాంతో గర్భిణుల నమోదు పట్టికలో ఆ పై పల్లె పేరు ఎదురుగా ఏడాదికి ఒకటో రెండో పేర్లు మాత్రమే వచ్చేవి, నెలవారీ సమావేశంలో మాత్రం మా ఉపకేంద్రం శాతం బాగున్నదని మెచ్చుకునేవారు. నమోదు కాని గర్భిణి లెక్కలోకే రాదు, లెక్కలోకి రానివారు శాతాన్ని తగ్గించరు. ఇన్నేళ్లలో నేను ఎంతో ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇదే.

టీకాల విషయంలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మా దగ్గర బుధ, శనివారాలు టీకాల రోజులు. వరుసగా కొన్ని నెలలపాటు ఆ పై పల్లె పిల్లల పేర్ల ఎదురుగా “నిరాకరించారు” అని రాసి ఉండటం చూసి, మూఢనమ్మకం వల్లనో, దిసారి (పల్లె పూజారి) వద్దని చెప్పడం వల్లనో టీకాలు వేయించుకోవడం లేదని నేనూ అనుకుని, అవగాహన సదస్సు పెట్టాలని పై అధికారికి రాశాను. ఆ పల్లె నుంచి అప్పుడప్పుడు ఉపకేంద్రానికి వచ్చే ఒక యువతి ఆ కాగితం నా బల్ల మీద చూసి, దాని మీద ఏం రాశానో అడిగి తెలుసుకుని, “వాళ్లు వద్దనలేదమ్మా, మీరు వచ్చిన వేళకు ఇంట్లో లేరు” అన్నది. తెల్లవారకముందే చోడి (రాగి) అంబలి తాగి, చంటిపిల్లలను వీపున కట్టుకుని పోడుకు వెళ్లిన తల్లులు చీకటి పడ్డాకే తిరిగొస్తారు. మేము పదకొండు గంటలకు వెళ్లి, ముసలివాళ్లను అడిగి, తలుపులు మూసి ఉంటే నిరాకరణ అని రాసుకుని దిగిపోయేవాళ్లం. సంత రోజున ఆ తల్లులందరూ పిల్లలతో సహా కిందికి దిగుతారని కూడా ఆమే చెప్పింది. మందుల పెట్టెతో సంత దారిలో చింతచెట్టు కింద కూర్చోవడానికి అనుమతి తెచ్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది, పిల్లలకు టీకాలు వేయడానికి మూడు వారాలు చాలాయి.

ఆ యువతినే తర్వాత ఆ పల్లెకు ఆశాగా తీసుకున్నాం. ఐదో తరగతి దాకా చదివింది, కాబట్టి సడలింపు నిబంధనను వెతికి, చూపించి, ఒకరిద్దరి అయిష్టం మధ్య ఒప్పించాల్సి వచ్చింది. రాయడం నెమ్మది, అందుచేత మొదటి ఏడాది ఆశ్రమ పాఠశాలలో చదివే తన ఆడపడుచు సెలవులకు వచ్చినప్పుడు రిజిస్టరు రాయించుకుని, మిగతా రోజుల్లో గోడ మీద బొగ్గుతో తనకే తెలిసిన గుర్తులు పెట్టుకునేది. ఆ గుర్తుల్లో ఒక్క పేరు తప్పిపోయినట్లు నాకు ఎన్నడూ కనిపించలేదు. మలేరియా తక్షణ పరీక్ష కిట్లు, మందులు ఆమె చేతికి వచ్చాక, పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం చూసి అదే పూట మొదటి మోతాదు వేసేది. నేను వారం తర్వాత చేయలేకపోయిన పని అది. వైద్యం అందరికీ సమానంగా అందడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఆ పదిహేను నిమిషాలే గుర్తొస్తాయి.

కాన్పుల దగ్గర ఇంత సులువుగా జరగలేదు. ప్రసవ తేదీకి ముందే కొండల మీది గర్భిణులను కిందికి తెచ్చి ఉంచేందుకు వసతి గృహాలు ఏర్పాటయ్యాయి, ఆలోచన చాలా మంచిది. కాని పది పదిహేను రోజులు ఇల్లు వదిలి రావాలంటే మిగతా పిల్లలను ఎవరు చూస్తారు, మేకలను ఎవరు తోలుకెళ్తారు, పసుపు ఉడికించే రోజుల్లో ఇంట్లో ఒక మనిషి తగ్గితే ఎట్లా అన్న ప్రశ్నలకు వసతి గృహం దగ్గర జవాబు ఉండదు. మా ఆశా చేసిన పని ఏమిటంటే, ఏడో నెలలోనే అత్తగారితో మాట్లాడి, పెద్ద బిడ్డను వెంట తెచ్చుకోనిస్తామని మా చేత మాట ఇప్పించి, ఆ ఇంటి మేకలను తన మరిది మందలో కలపడం. ఇది ఏ మార్గదర్శకంలోనూ ఉండదు, దీనికి పైసా పారితోషికం లేదు, ఏ నివేదికలోనూ దీన్ని రాసే గడి లేదు.

ఆసుపత్రి గడప దగ్గర మాత్రం ఆమె బలం చాలేది కాదు. ఒకసారి రాత్రంతా ప్రయాణం చేసి ఒక గర్భిణిని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే, తోడుగా వచ్చిన ఆశాను బయటే నిలబెట్టి, తెలుగు రాని ఆ అమ్మాయిని తెలుగులో గద్దించి, సమాధానం చెప్పడం లేదని కసురుకున్నారు. భయపడిన ఆ కుటుంబం తెల్లవారేలోగా ఎవరికీ చెప్పకుండా తిరుగుదారి పట్టింది, కాన్పు దారిలో జరిగింది, బిడ్డ దక్కలేదు. మరుసటి సమావేశంలో ఆ మరణానికి కారణంగా “కుటుంబం నిర్లక్ష్యం” అని రాశారు. నేను అభ్యంతరం చెప్పాను, కానీ గట్టిగా చెప్పలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు. తర్వాత కొత్తగా వచ్చిన వైద్యురాలు, భాష రాని గర్భిణులతో వచ్చిన ఆశా లోపలే ఉండాలని నోటిమాటగా ఒక ఏర్పాటు చేశారు. ఆమె బదిలీ అయ్యేదాకా అది నడిచింది. మంచి ఏర్పాటు మనిషితో పాటు బదిలీ అయిపోకూడదంటే అది ఉత్తర్వుగా ఉండాలి.

ఇక డబ్బు సంగతి. చేసిన పనికి ఇంత అని లెక్కగట్టే పద్ధతి పైకి న్యాయంగానే ఉంటుంది. రోడ్డు పక్క ఇంటి గర్భిణికి తోడు వెళ్లినా, రెండు కొండలు దాటించి తెచ్చినా పారితోషికం ఒకటే అయినప్పుడు, మనిషి సహజంగా రోడ్డు పక్కకే మొగ్గుతుంది. 2011లో ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ మొదలైనప్పుడు, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 42 రోజుల్లోగా ఆరుసార్లు, ఇంట్లో పుట్టిన బిడ్డ దగ్గరికి ఏడుసార్లు వెళ్తే 250 రూపాయలు అన్నారు. ఆ 42వ రోజు దాకా తల్లీబిడ్డలు క్షేమంగా ఉండాలన్నది షరతుల్లో ఒకటి. అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్న ఇంటికి వెళ్లినవారికే డబ్బు రాకుండా పోయే అవకాశం ఎక్కువ. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గౌరవ వేతనాన్ని 10,000 రూపాయలకు పెంచాక నా కింద పనిచేసిన ఆశాల్లో ఈ లెక్కల బెంగ కొంత తగ్గడం నేను కళ్లారా చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో దేశంలోని ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ప్రకటించినప్పుడు మా వాళ్లు మిఠాయిలు పంచుకున్నారు, ఆ నెల కూడా డబ్బు ఆలస్యంగానే వచ్చింది. మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతనంతో కూడిన సెలవు, గ్రాట్యుటీ ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది 2025 మార్చిలో. అన్నాళ్లూ ఊరందరి కాన్పులకూ తోడు వెళ్లిన ఆడవాళ్లకు తమ కాన్పుకు సెలవు లేదన్నమాట.

ఊరి మనిషినే ఊరికి ఆరోగ్య కార్యకర్తగా పెట్టడమన్నది మన రాష్ట్రంలోనే పుట్టిన ఆలోచన కాదు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో వైద్యులైన అరోలే దంపతులు మొదలుపెట్టిన పనిలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా ఎక్కువగా చదువురాని, దళిత స్త్రీలు ముందుకొచ్చారు. అదే రాష్ట్రంలో గడ్చిరోలిలో వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్‌లు ఊరి ఆడవాళ్లకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పి, 39 గ్రామాల్లో మూడో ఏటికి ఆ శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. నేను పైన చెప్పిన 42 రోజుల పథకానికి మూలం అదే. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో వచ్చిన మితానిన్ అనే గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం ఆశాకు దారి చూపింది. అక్కడ ఒక్కో చిన్న ఆవాసానికి ఒక మనిషి అన్న సూత్రాన్ని పట్టుకున్నారు, మనం జనాభా లెక్కను పట్టుకున్నాం.

మీరడిగిన డోలీ ప్రశ్నకు వస్తాను. డోలీ మోత రోడ్డు లేకపోవడం వల్ల జరుగుతుంది; ఆశా రోడ్డు వేయలేదు. కాని డోలీ ఎప్పుడు బయలుదేరిందన్నది ఆమె వల్ల మారుతుంది. నొప్పులు మొదలై ఒకటిన్నర రోజు గడిచాక, మంత్రసాని చేతులెత్తేశాక బయలుదేరే డోలీ వేరు, ఎనిమిదో నెలలో కాళ్ల వాపు చూసి, రక్తపోటు అనుమానించి, పగటి వెలుతురులో బయలుదేరే డోలీ వేరు. ఫొటోలో రెండూ ఒకలాగే ఉంటాయి.

మీ ప్రాంతంలో ఈ వ్యవస్థ పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవాలంటే శాతాలు అడగకండి. ఉపకేంద్రం పరిధిలోని పల్లెలన్నిటి పేర్లూ ఊరి పెద్దల చేత చెప్పించుకుని రాసుకుని, ఆ తర్వాత ఆశా రిజిస్టరు తెరిచి ఏ పల్లె పేరు లేదో చూడండి. లేని పల్లెకు ఆమె వెళ్లడం లేదని తొందరపడి నిందించకుండా, అక్కడికి వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆమెతో కలిసి ఒక్కసారి నడిచి చూడండి. వీలైతే సంత లేని రోజున వెళ్లండి, తెల్లవారకముందే బయలుదేరండి, లేకపోతే మీకూ తలుపులు మూసే కనిపిస్తాయి.