చెక్క చూసి చెట్టు పేరు చెప్పే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. కార్పెంటర్ల దగ్గర చెక్కముక్కలు ఏరుకొచ్చి, బెరడు ఫొటోలు తీసి, అది ఏ చెట్టో తేల్చే పనిలోనే ఉంటుంది. దీన్ని నమ్ముకుంటే బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, చెక్క గుర్తింపు ఒక్కటే ఉద్యోగంగా దొరికే చోట్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. ఫారెస్ట్రీ (అడవుల పెంపకం, సంరక్షణ చదువు) డిగ్రీకి ఇది తోడైతే మాత్రం సంగతి వేరు. ఎర్రచందనం కేసుల్లో పట్టుబడ్డ దుంగ ఫలానా చెట్టుదేనని కోర్టుకు ఎవరో ఒకరు నిపుణులు చెప్పాలి కదా! బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐడబ్ల్యూఎస్‌టీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ)లో ఇలా చెక్కను పరీక్షించి చెప్పే విభాగం ఉంది.

ఇష్టం ఎంత లోతుగా ఉందో ముందు చూడండి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగులుతుంది, దాన్ని ఎవరైనా పోలుస్తారు. అయితే వయసును బట్టి బెరడు మారిపోతుంది, ముందెప్పుడూ చూడని చెట్టయితే ఆకు, పూత, కాయ చూడందే పేరు ఖాయం చేయలేం. చెక్కకైతే పదిరెట్ల లెన్సు కావాలి. ముక్క కొనను పదునైన బ్లేడుతో అడ్డంగా, నున్నగా కోసి లెన్సులో చూడమనండి. టేకులో ఏటేటా పెరిగే ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుసకట్టి ఉంటాయి. వేపలో అలా ఉండదు. వేగిస పొట్టును నీళ్లలో నానేస్తే వెలుతురులో నీలి మెరుపు కనిపిస్తుంది. ఇంత చూసినా చాలాసార్లు ప్రజాతి (జీనస్) వరకే తేలుతుంది, అందులో ఫలానా జాతి (స్పీషీస్) అని ఖాయంగా చెప్పలేం. ఆ నిరాశకు విసుగు రాకపోతే అమ్మాయికి ఈ దారి సరిపోయినట్టే.

కోర్సు విషయంలో నా ఓటు ఫారెస్ట్రీకే. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఉంది. బోటనీ బీఎస్సీ చెడ్డదేమీ కాదు, కానీ డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ ఎఫ్‌ఆర్‌ఐలో వుడ్ సైన్స్ ఎమ్మెస్సీకి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో డిగ్రీ గానీ, ఫారెస్ట్రీ డిగ్రీ గానీ అడుగుతారు. బైపీసీ పిల్లలకు ఆ తలుపు ఫారెస్ట్రీతోనే తెరుచుకుంటుంది. చాలామందికి ఈ సంగతి డిగ్రీ అయ్యాక గానీ తెలియదు. యూపీఎస్సీ నిర్వహించే ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్)కు బోటనీ, ఫారెస్ట్రీ రెండు డిగ్రీలూ పనికొస్తాయి.

ఈలోగా హైదరాబాద్ దూలపల్లిలోని ఫారెస్ట్ బయోడైవర్సిటీ ఇన్‌స్టిట్యూట్‌కు ఉత్తరం రాసి, విద్యార్థులు వచ్చి చూసే వీలుందేమో కనుక్కోండి. ముక్కలు మాత్రం సామిల్లులోనే అడిగి తెచ్చుకోమనండి. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు నేషనల్ పార్కు కాబట్టి, అక్కడ చెట్ల బెరడు చెక్కితే కేసవుతుంది.