చెవిలో పెట్టే మూడు మిల్లీమీటర్ల ముక్క కోసం ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయికి చెవి ఆపరేషన్ చేసి లోపల టైటానియం ముక్క పెట్టారు. అలాంటి ఇంప్లాంట్లు తయారుచేసే చదువే చదువుతానంటోంది. మెడిసిన్ సీటు రాలేదు. బయోమెడికల్ ఇంజినీరింగా, మెటీరియల్స్ సైన్సా? ఏది చదివినా డాక్టర్‌కి ఉన్న గౌరవం ఉంటుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, మీ బాధంతా గౌరవం దగ్గరే ఉంది. ఆ టెన్షన్ మీది, అమ్మాయిది కాదు. తను ఇష్టపడి ఎంచుకున్నదాన్ని మీరు "పోనీలే, ఇదైనా" అన్నట్టు చూస్తున్నారు. పిల్లలకి అది ఇట్టే తెలిసిపోతుంది.

ఆ ముక్క ఊరికే రాలేదు. 1956లో జాన్ షీ అనే సర్జన్ కదలకుండా బిగుసుకుపోయిన కర్ణాస్థి (చెవి లోపలి చిన్న ఎముక) స్థానంలో టెఫ్లాన్ ముక్క పెట్టి వినికిడి తెప్పించారు. తర్వాత వచ్చిన సన్నరంధ్రాల పాలిథీన్‌ని కొందరి చెవులు కర్ణభేరి చీల్చి మరీ బయటికి నెట్టేశాయి. హైడ్రాక్సీ అపటైట్ మన ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే, శరీరం బాగానే ఒప్పుకుంటుంది. కానీ పెళుసు, సరైన కొలతకి చెక్కబోతే విరుగుతుంది. టైటానియం తేలిక, గట్టి. అయినా అదీ బయటికి వచ్చేయకుండా దానికీ కర్ణభేరికీ మధ్య చెవి డొప్పలోంచి తీసిన మృదులాస్థి పొర వేస్తారు. ఇన్నేళ్ల తర్వాత కూడా!

ఇప్పుడు ఏ కాలేజీ బ్రోచర్ చూసినా త్రీడీ ప్రింటింగే. నాకు మాత్రం దాని పేరుతో పెట్టే కోర్సుల మీద అనుమానమే. ఆకారం అచ్చు వేయడం అంత కష్టం కాదు. చీము పట్టిన చెవిలో అది నిలుస్తుందా, జరిగిపోకుండా ఉంటుందా అన్నది ప్రింటర్ చెప్పదు. పైగా ముక్కు వెనక నుంచి చెవికి గాలి తీసుకెళ్లే గొట్టం మూసుకుపోతే ఎంత గొప్ప ముక్క పెట్టినా వృథా. ఇది తెలియాలంటే జీవశాస్త్రం కావాలి, పదార్థం ఎందుకు విరుగుతుందో తెలియాలి. ఒక్క సాఫ్ట్‌వేర్ నేర్పి పంపేస్తే ఏం లాభం?

రెండిట్లో ఏది అంటే, పదార్థం లోతు కావాలంటే మెటీరియల్స్, అన్నీ కొంచెం కొంచెం కావాలంటే బయోమెడికల్. ఏది తీసుకున్నా పీజీ తప్పదనుకోండి. పేరు కన్నా ల్యాబ్ చూడండి: కణాలతో పరీక్షలు చేయిస్తారా? ఇంప్లాంట్ శరీరానికి హాని చేయదని ఐఎస్ఓ 10993 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించే పనిలోనూ ఉద్యోగాలు ఉంటాయి, వాటి గురించి ఎవరూ చెప్పరు.

ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు, టైటానియమే ఎందుకు పెట్టారని డాక్టర్‌ని అమ్మాయినే అడగనివ్వండి. మీరు బయట కూర్చోండి.