షుగర్ పుండుకు అల్ట్రాసౌండ్: మా నాన్నగారి పాదం నేర్పినది

మీ అమ్మగారి అరికాలి షుగర్ పుండు ఐదు నెలలైనా మానలేదనీ, అల్ట్రాసౌండ్ పెట్టిస్తే మానుతుందని తెలిసినవారు చెప్పారనీ, గుణుపురం నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలో తోచడం లేదనీ మీరు రాశారు. మాదీ ఒడిశాయే, పర్లాకిమిడి. రెండేళ్ల కిందట మా నాన్నగారికి కుడికాలి బొటనవేలి మొదట్లో ఇలాంటి పుండే పడింది. మేము చేసిన పొరపాటుతో సహా జరిగినదంతా చెబుతాను.

ఆ పొరపాటు మాటతోనే మొదలైంది. అల్ట్రాసౌండ్ అనగానే మేము ఒకటే యంత్రం అనుకుని, మా దగ్గరలో నడుము నొప్పులకు వైద్యం చేసే ఒక ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్లాము. అక్కడ పుండు చుట్టూ జెల్ రాసి మూడు వారాలపాటు యంత్రం తిప్పారు. సెకనుకు 10 లక్షల నుంచి 30 లక్షల సార్లు కంపించే ఆ ధ్వని లోపలి కండకు వేడి పుట్టించగలదు. స్పర్శ తెలియని పాదానికి వేడి ఎక్కువైనా రోగి చెప్పలేడు కనుక అలాంటి చోట దానిని వాడకూడదని మాకు తరువాతే తెలిసింది. ఆ మూడు వారాల్లో నాన్నగారి పుండు అంచు తెల్లబడి మెత్తబడింది, లోతు పెరిగింది. అడగవలసిన ప్రశ్న అడగకుండా తీసుకెళ్లింది నేనే కాబట్టి ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ తరువాత విశాఖలో మా పిన్ని ఇంట్లో ఉంచి, మధుమేహ పాదాలను చూసే శస్త్రవైద్యుని దగ్గరకు తీసుకెళ్లాము. ఆయన మొదట వాడినది కూడా అల్ట్రాసౌండే, కానీ చికిత్సకు కాదు. పెన్నులాంటి డాప్లర్ సాధనాన్ని పాదం పైభాగాన, చీలమండ లోపలి పక్కన ఆనించి, రక్తం పారే చప్పుడు మాకు కూడా వినిపించారు. చీలమండ దగ్గర రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చారు. షుగర్ ఉన్నవారిలో రక్తనాళాలు గట్టిపడి ఆ లెక్క తప్పుగా ఎక్కువ చూపవచ్చునని వివరించి, వేలి దగ్గర పోటు కూడా కొలిచారు. వేలి దగ్గర రక్తపోటు 30 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే పుండు మానడం కష్టమనీ, అప్పుడు ముందుగా రక్తనాళం సంగతి చూడాలనీ చెప్పారు. ఒక సన్నని నైలాన్ పోగుతో అరికాలిని తాకితే నాన్నగారికి ఆరు చోట్ల తెలియలేదు. పుండు అడుగు ఎముకను తగులుతోందేమో మొద్దుమొన పుల్లతో చూశారు, తగల్లేదు.

ఇక మీరు అడిగిన చికిత్స. దాని ధ్వని కంపించే వేగం చాలా తక్కువ, సెకనుకు సుమారు 20 వేల నుంచి 60 వేల కంపనాలు. ఉప్పునీటి ద్రావణం కారుతుండగా మొనను పుండుకు ఆనించేది ఒక రకం, ద్రావణాన్ని తుంపరగా మార్చి పుండును తాకకుండా చల్లేది ఇంకొక రకం. ద్రవంలో అతి చిన్న బుడగలు పుట్టి పగులుతూ, పుండుకు అంటుకున్న పచ్చని పొరనూ, అందులో దాగిన సూక్ష్మజీవుల జిగురునూ వదులు చేస్తాయి. నాన్నగారికి మొదట బ్లేడుతో ఆనెకాయ అంచునూ, చచ్చిన కండనూ తీసి, ఆ తరువాత ఆనించే రకాన్ని వారానికొకసారి చొప్పున ఆరు సార్లు వాడారు. ఆ రకంలోనూ తుంపర లేచి క్రిములు గాలిలో చేరతాయి కనుక గది తలుపు మూసి, అందరూ మాస్కు పెట్టుకునేవారు. మూడోసారికే పచ్చని పొర పోయి ఎర్రని కండ కనిపించింది.

అయినా, పుండు మానినది ఆ యంత్రం వల్లనేనని నేను చెప్పను. అదే రోజుల్లో మోకాలి కింది వరకు పాదానికి అతుక్కునేలా, ఎముక విరిగినప్పుడు వేసేలాంటి గట్టి కట్టు వేసి, వారం వారం విప్పి మళ్లీ వేశారు. ఆ కట్టు ఉన్నంతకాలం పుండు మీద బరువు పెద్దగా పడలేదు. పిన్ని ఇంట్లో ఉండడం వల్ల నాన్నగారు బియ్యం మిల్లుకు వెళ్లి నిలబడే అవకాశమూ లేకపోయింది. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద పుండు అంచును గీసి కొలిస్తే నాలుగు వారాలకు సగానికి తగ్గింది, పదమూడో వారానికి మూసుకుంది. నా నమ్మకం ప్రకారం అందులో పెద్ద భాగం ఆ కట్టుదే.

పరిశోధనలు కూడా ఈ జాగ్రత్తనే చెబుతున్నాయి. 2005లో వెలువడిన ఒక పరీక్షలో తుంపర అల్ట్రాసౌండ్ పొందినవారిలో 40.7 శాతం మందికి, పోలిక కోసం అల్ట్రాసౌండ్ లేకుండా నకిలీ చికిత్స పొందినవారిలో 14.3 శాతం మందికి 12 వారాల్లో పుండు మానింది. అయితే 133 మందితో మొదలైన ఆ పరీక్షలో ఈ లెక్కకు వచ్చినవారు 55 మందే. 2015లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు మధుమేహం ఉన్న ఎలుకలలో అల్ట్రాసౌండ్‌తో గాయం మానే కాలం సుమారు మూడో వంతు తగ్గిందని చూపారు, కానీ అవి ఎలుకలు. మధుమేహ పాదాల అంతర్జాతీయ కార్యవర్గం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు, బ్లేడుతో చేసే మామూలు శుభ్రతకు బదులుగా అల్ట్రాసౌండ్ వాడవద్దన్నాయి.

అందుచేత ముందుగా రక్తప్రసరణ పరీక్ష, ఎక్స్‌రే, పాదం మీద బరువు తీసే ఏర్పాటు ఉన్న చోటికి అమ్మగారిని తీసుకెళ్లండి. వాటి తరువాత వైద్యుడు కోరితే అల్ట్రాసౌండ్ చేయించండి. అది లేదని మిగిలినవి ఆపవద్దు. గుణుపురం నుంచి విశాఖకు రైలు ఉంది, బరంపురంలో ప్రభుత్వ వైద్యకళాశాల ఉంది. పుండు చుట్టూ ఎరుపు పాకినా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. డ్రెస్సింగ్ తేదీలూ మందులూ రాసిన మా పుస్తకం ఒడియాలో ఉండడం వల్ల విశాఖలో ఎవరూ చదవలేకపోయారు, మీరు వెళ్లేముందు ఇంగ్లీషులో రాయించుకోండి. అమ్మగారు రోజూ వేసుకునే చెప్పులు కూడా వెంట తీసుకెళ్లండి. నాన్నగారి చెప్పును తిరగేసి చూసిన తరువాతే, అట్ట అరిగి లోపలికి పొడుచుకువచ్చిన మేకు సరిగ్గా ఆ పుండు కిందనే ఉందని మాకు తెలిసింది.