ఐడిల్ లూప్‌లో హాల్ట్ పెట్టాక కెర్నల్ ఎందుకు నిద్ర లేవట్లేదు?

మీ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, పని లేనప్పుడు ఖాళీగా తిరిగే లూప్ తీసేసి హాల్ట్ (ప్రాసెసర్‌ని నిద్రపుచ్చే ఆదేశం) పెట్టారు, ల్యాప్‌టాప్ వేడి తగ్గింది, కానీ కీ నొక్కినా ఒక్కోసారి షెల్ (కమాండ్లు టైప్ చేసే చోటు) కదలట్లేదు, అంతే కదా? తప్పు హాల్ట్‌ది కాదు, దానికి ముందున్న సందుది.

పని ఉందా అని చూశారు, లేదు. సరిగ్గా అప్పుడే ఇంటరప్ట్ (కీబోర్డు లాంటివి ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) వచ్చి క్యూలో పని పెట్టి వెళ్లిపోయింది, అది తెలియకుండా మీరు హాల్ట్ చేశారు, ఇక ఇంకో ఇంటరప్ట్ వచ్చేదాకా ప్రాసెసర్ నిద్రే. మా కావలి వైపు రొయ్యల గుంట కాపలా మనిషి ఏరేటర్లు తిరుగుతున్నాయని చూసుకుని, గుడిసెలోకి వెళ్లి పడుకునే ఆ పది అడుగుల్లో కరెంటు పోయినట్టు.

అందుకే ముందు సీఎల్ఐ (ఇంటరప్ట్‌లు ఆపే ఆదేశం), ఆ తర్వాతే క్యూ చూడండి, పని లేకపోతే ఎస్‌టీఐ (వాటిని మళ్లీ రానిచ్చే ఆదేశం), దాన్ని ఆనుకుని హెచ్ఎల్‌టీ, అంటే హాల్ట్. ఎక్స్86లో (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) ఇంటరప్ట్‌లు ఆపి ఉన్నప్పుడు ఎస్‌టీఐ ఇస్తే, దాని తర్వాతి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ దాటేదాకా అవి లోపలికి రావు, కాబట్టి సందు మూసుకుపోతుంది. ఈ రెండూ ఒకే అసెంబ్లీ బ్లాక్‌లో ఉండాలి, విడిగా రాస్తే కంపైలర్ మధ్యలో ఏదో ఒకటి దూర్చేయొచ్చు, మళ్లీ అదే టెన్షన్. పని ఉంటే మాత్రం ఎస్‌టీఐ చేసి, తర్వాత ఏ పని నడపాలో చూసే షెడ్యూలర్‌కి వెళ్లండి.

ఆర్మ్ ప్రాసెసర్లలో ఇంకా తేలిక: ఇంటరప్ట్‌లు మాస్క్ చేసి (ఆపి) ఉన్నా, పెండింగ్‌లో ఒకటి ఉంటే డబ్ల్యూఎఫ్ఐ (ఇంటరప్ట్ కోసం నిద్రలో ఆగే ఆదేశం) నుంచి ప్రాసెసర్ లేస్తుంది, అన్‌మాస్క్ తర్వాత చేసుకోవచ్చు.