కుర్చీ దించకపోయినా బండి కిరాయి

తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి "వై = ఎమ్ ఎక్స్ + సి" అని గడగడా అప్పజెబుతోంది కానీ, అందులో వాలు ఏది, అంతరఖండం ఏది అని అడిగితే తెల్లమొహం వేస్తోందని, ఎలా చెప్పాలో తెలియడం లేదని రాశారు. తెల్లమొహం వేసిందంటే పిల్ల ఆలోచిస్తోందని నా లెక్క. ఆ వయసులో నేను ఆలోచించలేదు. సూత్రం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను, మా నాన్న కొట్టు ముందు పరువు పోగొట్టుకున్నాను.

తణుకు దగ్గర ఒక ఊళ్లో మాకు టెంట్ హౌస్ ఉండేది. షామియానాలు, వంట గుండిగలు, రెండు వందల ఇనప మడత కుర్చీలు. 1994లో కుర్చీకి రోజు అద్దె 2 రూపాయలు. ఇంటికి చేర్చి మళ్లీ తెచ్చుకోవడానికి ఎడ్లబండి కిరాయి 120. యాభై కుర్చీలు వేసినా వంద వేసినా అదే బండి, అదే కిరాయి.

ఒక పెద్దాయన కూతురి నిశ్చితార్థానికి వంద కుర్చీలు తీసుకుని 320 ఇచ్చారు. నెల తిరక్కుండానే సత్యనారాయణ వ్రతానికి యాభై కావాలని వచ్చారు. నాన్న 220 అన్నాడు. ఆయన జేబులోంచి పాత చీటీ తీసి బల్ల మీద పరిచారు. "సగం కుర్చీలకు సగం డబ్బులు కదయ్యా! మిగతా అరవై ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది?"

నేను అరుగు మీద లెక్కల పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. ఆయన నావైపు తిరిగి, "చదువుకుంటున్నావు కదా, నువ్వు చెప్పు బాబూ. వందకు 320 అయితే యాభైకి ఎంత?" అన్నారు. త్రైరాశికంలో నన్ను మించినవాడు మా తరగతిలో లేడు. ఠక్కున "160" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. నాన్న నన్ను చూసిన చూపు సంగతి ఇక్కడ రాయను.

"బాబాయి గారూ, బండికి సగం ఎద్దును కట్టి తోలమంటారా?" అన్నాడు నాన్న. తర్వాత నన్ను పట్టుకున్నాడు. "కిందటి శ్రావణంలో ఆ చివరి వీధికి కుర్చీలు తీసుకెళ్లేసరికి వాళ్లింట్లో మైల వచ్చిందని పెళ్లి ఆగిపోయింది, గుర్తుందా? ఒక్క కుర్చీ దించలేదు. తాళ్లు కూడా విప్పకుండా బండి వెనక్కి వచ్చింది. బండివాడికి నేను ఎంత ఇచ్చాను?"

"120."

"కుర్చీలెన్ని?"

"సున్నా."

అంతే. ఎక్స్ కుర్చీల లెక్క, వై మొత్తం బిల్లు అనుకుంటే, అంతరఖండం అంటే అదే, సూత్రంలో చివరనున్న సి. అప్పటిదాకా ఆ మాట వింటే కాశీఖండం పక్కన ఉండే మరో ఖండమేమో అన్నట్టు ఉండేది నాకు. ఎక్స్ సున్నా అయినప్పుడు వై ఎంత అన్నది ఎన్నిసార్లు చదివినా అది బండి కిరాయి అని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. పెద్దాయన చివరికి 200 ఇచ్చి వెళ్లారు. తగ్గించిన ఆ 20 ఏ అక్షరం కిందికి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక వాలు. అది ఆ రెండు చీటీల్లోనే ఉంది. వంద కుర్చీలకు 320, యాభైకి 220. యాభై కుర్చీలు పెరిగితే 100 రూపాయలు పెరిగింది, అంటే కుర్చీకి రెండు. అదే వాలు, సూత్రంలో ఎమ్. బండి కిరాయి రెండు చీటీల్లోనూ ఉంది కాబట్టి తీసివేతలో అది కొట్టుకుపోయింది, మిగిలింది కుర్చీ అద్దె ఒక్కటే. "వై రెండు మైనస్ వై ఒకటి బై ఎక్స్ రెండు మైనస్ ఎక్స్ ఒకటి" అని మనం తలలూపుతూ చదివినదంతా ఈ తీసివేతే. కిరాయి ఎంతో చెప్పకుండా ఆ రెండు చీటీలూ మీ అమ్మాయి చేతికిచ్చి, కిరాయిని బయటికి లాగమనండి. లాగుతుంది.

ఇక్కడ ఒక ఫిర్యాదు ఉంది నాకు. వాలు అనే మాట పెట్టిన మహానుభావుడెవరో గానీ పెంకుటింటి కింద నిలబడి పెట్టినట్టున్నాడు. మనకు వాలు అంటే నీళ్లు కిందికి జారేది. పాఠంలో మాత్రం ఎడమ నుంచి కుడికి గీత పైకి ఎక్కితే ధన వాలు, దిగితే రుణ వాలు. పిల్లలు తికమక పడకుండా ఎలా ఉంటారు? దానికి ఎమ్ అనే అక్షరమే ఎందుకు వచ్చిందో చరిత్రకారులే తేల్చలేదు, కనుక అది ఎందుకో తెలియలేదని మీరు చిన్నబోవాల్సిన పనిలేదు.

ఇంతకన్నా పెద్ద గొడవ చరరాశిది, అంటే ఎక్స్ లాంటి అక్షరానిది. ఆరు, ఏడు తరగతుల్లో "ఎక్స్ + 5 = 12, ఎక్స్ ఎంత?" అని అడుగుతారు. అక్కడ ఎక్స్ దాక్కున్న దొంగ. పట్టుకుంటే ఏడు, ఇంకేమీ కాదు. రెండేళ్ల తర్వాత అదే ఎక్స్‌ను తెచ్చి, ఇది ఏదైనా కావచ్చు అంటారు. మధ్యలో ఎవరూ పిల్లలను కూర్చోబెట్టి "అమ్మా, ఇప్పుడు పాత్ర మారింది" అని చెప్పరు. బీజగణితంలో పిల్లలు జారిపడేది ఇక్కడే, నాకు ఇందులో అనుమానం లేదు. మన పాతవాళ్లు నయం. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు, అంటే ఎంతో అంత. రెండోది కావాలంటే కాలకం, మూడోదానికి నీలకం, ఆ తర్వాత పీతకం. నలుపు, నీలం, పసుపు. ఎక్స్, వై, జెడ్ 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ పుస్తకంతో స్థిరపడ్డాయి. నా మటుకు నాకు రంగులే బాగున్నాయి.

మా బిల్లు పుస్తకంలో "కుర్చీలు" అన్న మాట పక్కన చుక్కల గీత ఉండేది. కింద "బండి 120" అని అచ్చు వేయించేశారు, ఎందుకంటే అది మారదు. ఆ చుక్కల మీద రోజుకో అంకె పడేది. చరరాశిని నేను ఆ చుక్కల్లో చూశాను, మీ అమ్మాయికి కూడా ముందు అలాంటి బిల్లు చూపించండి. గ్రాఫు కాగితం తర్వాత.

అయితే ఏ బిల్లు పడితే ఆ బిల్లు పనికిరాదు. కరెంటు బిల్లు తీసుకురాకండి, యూనిట్లు పెరిగే కొద్దీ శ్లాబు మారి రేటు మారుతుంది, గీత అక్కడక్కడా విరుగుతుంది. ఆటో మీటరు ఉదాహరణ ఇంకా ప్రమాదం. హైదరాబాదులో 2014లో పెట్టిన రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11. "కనీస చార్జీ 20, కాబట్టి అంతరఖండం 20" అని చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. తప్పు. ఆ 20లో 1.6 కిలోమీటర్ల ప్రయాణం కలిసే ఉంది. 1.6 తర్వాతి గీతను వెనక్కి సున్నా కిలోమీటర్ల దాకా పొడిగిస్తే, 1.6 కిలోమీటర్లకు 11 చొప్పున 20 లోంచి 17.60 పోయి, 2.40 దగ్గర నిలువు గీతను తాకుతుంది. మీటరు వేసే ఆటో దొరికితే సరిచూసుకోవచ్చు. దొరికినప్పటి మాట కదా.

ఆ రాత్రి ఇంటిపని కోసం మా కుర్చీల సమీకరణాన్నే గ్రాఫు మీద గీశాను, వై = 2 ఎక్స్ + 120. రెండు అక్షాల మీదా, అంటే నిలువు గీతనూ అడ్డగీతనూ మన గీత కోసే చోట్ల, అంతరఖండాలు గుర్తించమన్నారు కనుక స్కేలు పెట్టి గీతను ఎడమవైపుకు లాగాను. అడ్డగీతను అది మైనస్ 60 దగ్గర కోసింది. నాన్న భోజనం చేసి చేయి తుడుచుకుంటూ వచ్చి కాసేపు చూశాడు.

"ఈ మైనస్ అరవై ఏమిటి?"

"అరవై కుర్చీలు మనమే వాళ్ల దగ్గర తీసుకుంటే బిల్లు సున్నా అవుతుంది నాన్నా."

"అక్కడిదాకా ఎందుకు పోయావురా? మన కొట్టు ఇక్కడే మొదలవుతుంది" అని 120 మీద వేలు పెట్టాడు. పచ్చడి మరక ఇంకా ఆ కాగితం మీద ఉంది.